జిప్పున్న నాలుగంతస్తుల మేడ

గట్టువారిపేట పురపాలక సంఘానికి ఆ ఏడాది పచ్చదనం మీద ప్రేమ ముంచుకొచ్చింది. అంతకు ముందేడాది ఇంకుడు గుంతల మీద వచ్చింది, ఆ ముందేడాది యోగా మీద. ప్రేమ ఏదైనా పైనుంచే వస్తుంది, సర్క్యులర్ రూపంలో వస్తుంది, నెలాఖరుకల్లా నివేదిక పంపమంటుంది. ఈసారి సర్క్యులర్‌లో, డాబాల మీదా వరండాల్లోనూ మొక్కలు పెంచుకునేవాళ్లకి మడిచి పట్టుకుపోయే చిన్న గ్రీన్‌హౌస్‌లు ఉచితంగా పంచమని ఉంది. ఇంగ్లీషులో అలా ఉంది. దాన్ని తెలుగులోకి దించే బాధ్యత పరిభాషా ఉపసంఘానికి అప్పగించారు. ఆ ఉపసంఘం మూడుసార్లు సమావేశమై, రెండుసార్లు భోంచేసి, ‘సంచార లఘు హరిత గృహం’ అని తేల్చింది. ఆ నాలుగు మాటల్లో మొదటి మూడూ ఎవరినీ ఏ ఇబ్బందీ పెట్టలేదు. చిక్కంతా చివరి మాటతోనే వచ్చింది.

పేరులో గృహం ఉంది కాబట్టి ఫైలు పార్కుల విభాగానికి వెళ్లలేదు. టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లింది.

మంగతాయారుకి ఈ కబురు జాకెట్లు కుట్టించుకునేవాళ్ల ద్వారా చేరింది. ఆవిడ తాతబ్బాయి గారి డాబా మీద ఒంటి గదిలో అద్దెకుంటూ బట్టలు కుడుతుంది. భర్త పల్లాలరావుది ఐసు ఫ్యాక్టరీలో పని. పదకొండేళ్లలో అయిదిళ్లు మారారు. మారిన ప్రతిసారీ మంచం, మిషను, గిన్నెలు వెంట వచ్చాయిగానీ పెంచిన మొక్కలు మాత్రం వెనకే ఉండిపోయాయి. పూత మీదున్న దొండపాదుని వదిలి వచ్చిన రోజు ఆవిడ ఆటోలో దారి పొడుగునా ఏడ్చింది. పోనీ ఇప్పుడున్న డాబా మీద పెంచుదామంటే కోతులు. మిరప నారు నాలుగాకులు వేసేసరికి పీకి, వాసన చూసి, నచ్చక పక్కన పారేస్తాయి. తినేసినా అంత కష్టంగా ఉండేది కాదు.

ఆవిడ అసలు ఆశంతా రేవు రోడ్డులో కట్టిన కొత్త ఇళ్ల మీద. పట్టణంలో ఇల్లు లేనివాళ్ల కోసం తొంభై ఆరు ఇళ్లు కట్టి, రంగులేసి, తాళాలు పెట్టి ఉంచారు. ఇల్లు లేనివాళ్ల జాబితాలో మంగతాయారుది నలభై ఒకటో నంబరు. పదకొండేళ్లుగా జాబితా మారినప్పుడల్లా వెళ్లి తన నంబరు చూసుకుని వస్తుంది. వచ్చే నెలలో తాళాలిస్తారని చెప్పుకుంటున్నారు. అక్కడికి వెళ్లేటప్పుడైనా మొక్కల్ని వెంట తీసుకెళ్లాలని ఆవిడ అనుకుంది. మడిచి పట్టుకుపోయేదైతే అంతకన్నా ఏం కావాలి?

టౌన్‌హాల్లో మూడు రకాలు నిలబెట్టారు. మొదటిది బండి గూడులా పొడుగ్గా వంగి ఉంది. అందులో మొక్కకి నీళ్లు పోయాలంటే మనిషి పాకుతూ వెళ్లాలి. రెండోది నిలబడి తిరిగేంత గది, దానికి రెండు కిటికీలు కూడా ఉన్నాయి. కానీ నేలలో మేకులు దిగ్గొట్టాలి. డాబా మీద పెడితే మొదటి గాలికే ఏట్లో తేలుతుంది. మూడోది మంగతాయారు మనసులో ఉన్నట్టే ఉంది. సన్నటి గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దోపి నాలుగు అరలు నిలబెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్కు తొడుగు వేశారు. తొడుగుకి ముందువైపు జిప్పు. తీసేస్తే చంకలో పెట్టుకుపోవచ్చు.

ఆవిడ తొడుగుని తిరగేసి కుట్టు చూసింది. జిప్పుని పదిసార్లు పైకీ కిందకీ లాగింది.

“ఒంటి కుట్టేసేరండి. జిప్పు దగ్గర మడత పెట్టలేదు. రెండు నెల్లకి పీలికైపోద్ది.”

బల్ల దగ్గర కూర్చున్న టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు కనకలింగేశ్వరరావు కలం ఆపాడు. “లబ్ధిదారు గృహ నిర్మాణ నాణ్యతపై అభ్యంతరం తెలుపుతున్నారా?”

“అభ్యంతరం ఏం లేదండి. నేనే మళ్లీ కుట్టుకుంటాను.”

“మరమ్మతు బాధ్యత యజమానిదేనని అంగీకరించినట్టుగా నమోదు చేయడమైనది,” అంటూ ఆయన దరఖాస్తు పూర్తి చేశాడు. అంతస్తులు అన్నచోట అరలు లెక్కపెట్టి నాలుగు అని రాశాడు. ప్రధాన ద్వారం అన్నచోట జిప్పు అని రాశాడు. “ద్వారం ఏ దిక్కుకి?”

“తూర్పుకి పెడతానండి. పొద్దుటెండ పడాల.”

“ఉత్తమం,” అన్నాడాయన. మంగతాయారు ఆనందంగా సంతకం పెట్టింది. కాగితం మీద ఏముందో చదవలేదు, చదివినా పెట్టేసేదే.

తర్వాత మూడు వారాలూ ఆవిడ జీవితంలో మంచి రోజులు. జిప్పు అంచు మడిచి రెండు వరసలు కుట్టింది. కింది అరలో కొత్తిమీర, రెండో అరలో పుదీనా, మూడో దాంట్లో వంగా టమాటా, పై అరలో మిరప. మొత్తం అరవై నాలుగు మొక్కలు. ఆవిడకి ఒక్కొక్కదాని మొహం తెలుసు. కోతులు వచ్చాయి, ప్లాస్టిక్కులోంచి లోపలికి చూశాయి, జిప్పు సంగతి అర్థంకాక ఒకదాన్నొకటి కొట్టుకుని వెళ్లిపోయాయి. ఆ రోజు మంగతాయారు పక్కింటివాళ్లందరికీ పిలిచి మరీ చెప్పింది.

నాలుగో వారంలో వార్డు కార్యదర్శి హేమసుందరి ట్యాబు పట్టుకుని డాబా ఎక్కింది. ఆవిడ చేతిలో నీలం రంగు రేకు ఉంది.

“మీ కొత్త ఇంటికి డోరు నంబరొచ్చిందండి. ఎక్కడ కొట్టమంటారు?”

“కొత్త ఇల్లా!” మంగతాయారు మిషను వదిలి లేచింది. రేవు రోడ్డు ఇంటి తాళమే వచ్చిందనుకుంది. హేమసుందరి వేలుతో ప్లాస్టిక్కు తొడుగుని చూపించింది. మేకు కొట్టే చోటు లేదు కాబట్టి చివరికి రేకుని తీగతో గొట్టానికి కట్టారు.

“ఇందులో ఎంతమంది ఉంటున్నారండి?”

“మొక్కలేనండి.”

“సున్నా పెడితే యాప్ ముందుకెళ్లదండి బాబూ. ఏదో ఒక అంకె చెప్పండి, పైన ఎండ మాడ్చేస్తంది.”

“మొక్కలైతే అరవై నాలుగండి.”

హేమసుందరి అరవై నాలుగు కొట్టింది. ట్యాబు పచ్చగా వెలిగింది. ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు.

ఆ శుక్రవారం ఇల్లు లేనివాళ్ల కొత్త జాబితాని పురపాలక కార్యాలయం గోడకి అంటించారు. మంగతాయారు అలవాటుగా వెళ్లి నలభై ఒకటి దగ్గర వేలు పెట్టింది. అక్కడ ఇంకెవరో ఉన్నారు. పైనుంచి కిందకి రెండుసార్లు చదివింది. చివరి పేజీలో, తొలగించినవారి పేర్ల కింద తన పేరు కనబడింది. పక్కన కారణం రాసి ఉంది: సొంత గృహం కలదు, నాలుగు అంతస్తులు.

ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. పదకొండేళ్లు పట్టుకుని వేలాడిన తాడు చేతిలోనే తెగినట్టనిపించింది. కాసేపటికి కోపం వచ్చింది. ఆ కోపంతోనే లేచి కనకలింగేశ్వరరావు గదిలోకి వెళ్లింది.

“అయ్యా, నాకు ఇల్లు లేదండి. అది మొక్కల బీరువా అండి.”

కనకలింగేశ్వరరావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఆయన మంచివాడే. చెయ్యి చాపడు, గొంతు పెంచడు. కాగితం మీదున్న మాటని మాత్రం కన్నతండ్రి మాటలా గౌరవిస్తాడు.

“బీరువా అనే పదం రికార్డులో ఎక్కడా లేదమ్మా. గృహం అని ఉంది. ప్రభుత్వం గృహం అన్నాక దాన్ని బీరువాగా పరిగణించడం నా స్థాయిలో జరిగే పని కాదు.”

“అందులో మనిషి పట్టడండి. మోచెయ్యి దాకా పడతాది, అంతే.”

“మనిషి పట్టుట, పట్టకపోవుట అనేది నివాసయోగ్యతకి సంబంధించిన అంశం. ప్రస్తుతం మన ముందున్నది యాజమాన్యం.”

“మరి మేం ఎక్కడ పడుకోవాలండి?”

“ఇప్పుడెక్కడ పడుకుంటున్నారు?”

“అద్దింట్లోనండి.”

“అయితే మీకు రెండో నివాసం కూడా ఉన్నదన్నమాట,” అని ఆయన ఇంకో కాగితం తీశాడు. మంగతాయారు గబుక్కున నోరు మూసుకుంది.

ఆయన కలం మూత తీసేలోపు, “పోనీ మీది మీరు తీసేసుకోండి బాబూ. మడత పెట్టి ఇప్పుడే తెచ్చి పడేస్తాను,” అంది.

“ఒక పౌరురాలి గృహాన్ని ప్రభుత్వం ఊరికే స్వాధీనం చేసుకోరాదమ్మా. ప్రజాప్రయోజనం ఉండాలి. మీ గృహం మీదుగా రోడ్డో కాలవో వెళ్లవలసిన అవసరం ఏర్పడినప్పుడు చూద్దాం.” ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఆయన మెత్తబడ్డాడు. “మీరింతగా అడుగుతున్నారు కాబట్టి నేను స్వయంగా వచ్చి స్థల పరిశీలన చేస్తాను.”

ఆ వచ్చిందే కొంప ముంచింది. మర్నాడు ఆయన టేపు పట్టుకుని డాబా ఎక్కి బీరువా చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

“ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. అంతస్తుకి పదహారంగుళాలైనా లేదు. మెట్లు లేవు. లిఫ్టు లేదు. చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం వదల్లేదు. అగ్నిప్రమాదం సంభవిస్తే నాలుగో అంతస్తువారు ఎటు దిగుతారు?”

“అయి మిరప మొక్కలండి.”

“అందుకే అడుగుతున్నాను. నడవలేనివారి విషయంలో నిబంధనలు ఇంకా కఠినంగా ఉంటాయి.”

పల్లాలరావు ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. నవ్వాపుకోలేక నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లాడు. తాతబ్బాయి మాత్రం నవ్వలేదు. తన డాబా మీద అనుమతి లేని నాలుగంతస్తుల కట్టడం ఉందన్న ముక్క ఆయన చెవిని పడింది.

మంగతాయారు ఊరుకోలేదు. కమిషనరు గారికే చెప్పుకుందామని సోమవారం వెళ్లి ఆయన గది బయట బల్ల మీద కూర్చుంది. తలుపుకి కర్టెనే ఉంది కాబట్టి లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. జిల్లా నుంచి ఫోను వచ్చింది. నెలాఖరుకల్లా పట్టణంలో ఇల్లు లేనివాడు ఒక్కడూ ఉండకూడదట. కమిషనరు గారు అలాగే సార్, తప్పకుండా సార్ అని, ఫోను పెట్టేసి కనకలింగేశ్వరరావుని పిలిచారు.

“ఎంతమందయ్యా మనకి?”

“రెండు వేల మూడు వందల పదిహేనండి. ఇళ్లు తొంభై ఆరు.”

“పోయిన వారం పదహారన్నావు. ఒకటెలా తగ్గింది?”

“ఒకావిడకి హరిత గృహం వచ్చిందండి. నిబంధనల ప్రకారం తొలగించడమైనది.”

లోపల సొరుగు లాగి కాగితాలు తిరగేసిన చప్పుడైంది. ఆ చప్పుడు మంగతాయారుకి అస్సలు నచ్చలేదు.

“గోదాములో ఇంకా ఎన్నున్నాయి ఆ గృహాలు?” అని అడిగారు కమిషనరు గారు, మెల్లిగా.

“మూడు వేలండి.”

మంగతాయారు చెప్పుకోవలసిన మాట చెప్పుకోకుండానే లేచి వచ్చేసింది. చెప్పుకోడానికి వెళితే ఆవిణ్ని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చేవాళ్లు. ఆ క్షణం నుంచి ఆవిడ ఫిర్యాదుదారు కాదు, మార్గదర్శి.

పది రోజుల్లో రెండు వేల మూడు వందల పదిహేను కుటుంబాలకి బీరువాలు పంచేశారు. వంతెన కింద ఉండేవాళ్లకిచ్చారు, సంత షెడ్డులో ఉండేవాళ్లకిచ్చారు. మొక్కలు వద్దు మొర్రో అన్నవాళ్లకి కూడా ఇచ్చి డోరు నంబరు తీగతో కట్టారు. సంత షెడ్డులో ఒకాయన అరలు పీకేసి, తొడుగుని ముసుగులా కప్పుకుని పడుకుంటే, గృహాన్ని సద్వినియోగం చేసుకుంటున్న లబ్ధిదారు అని ఫొటో తీశారు.

సామూహిక గృహప్రవేశం హైస్కూలు మైదానంలో పెట్టారు. వేదిక మీద కట్టే గుడ్డ మీద ‘గృహరహితులు లేని పట్టణం’ అని రాయమంటే పెయింటరు చోటు చాలక ‘గృహాలు లేని పట్టణం’ అని రాశాడు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు, పెద్దలు దాని కింద నిలబడి ఫొటోలు దిగారు. ఎవరూ తప్పు పట్టలేదు. మంగతాయారు మొదటి లబ్ధిదారు కాబట్టి ఆవిడ బీరువాని, మొక్కలతో సహా, నలుగురు మోసుకొచ్చి మైదానం నడుమ నిలబెట్టారు. ముందు ఆవు లోపలికి అడుగు పెట్టాలి కదా, ఆవుని తెచ్చారు. పంతులుగారు మంత్రం చదువుతూ జిప్పు తీశారు. ఆవు తల లోపల పెట్టి ఇక బయటికి తియ్యలేదు. మంత్రం పూర్తయ్యేసరికి మొదటి అర కొత్తిమీర మొత్తం అయిపోయింది.

“నా కొత్తిమీర!” అని మంగతాయారు పరిగెత్తబోతే శాలువా కప్పి పక్కకి తిప్పారు. మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టి రెండు మాటలు మాట్లాడమన్నారు.

“నాకు ఇల్లు లేదండి,” అంది మంగతాయారు.

“ఒకప్పుడు!” అన్నారు కమిషనరు గారు మైకు అందుకుని. మైదానం చప్పట్లతో మారుమోగింది. ఇల్లు లేని రెండు వేల పైచిలుకు కుటుంబాల మధ్య నిలబడి ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. కనకలింగేశ్వరరావు మాత్రం తన పని మరిచిపోలేదు. రిజిస్టరు తెరిచి, మొదటి అంతస్తు నివాసులు ఇరవై మంది గృహప్రవేశ సమయమున ఖాళీ చేసినారు, మిగిలినవారు నలభై నాలుగు, అని రాసుకున్నాడు.

వారం తిరక్కుండా తాతబ్బాయికి నోటీసొచ్చింది. అనుమతి లేని నాలుగంతస్తుల కట్టడాన్ని డాబా మీద సహించినందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆయన నోటీసు పట్టుకుని పైకొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదుగానీ భయస్థుడు.

“మీరు గది ఖాళీ చేసెయ్యండి తాయారూ. నా వల్ల కాదు.”

“ఉన్నపళంగా ఎక్కడికి పోతామండి?”

“అదేంటమ్మా! సొంతిల్లు ఉంది కదా మీకు. ఊరంతా చూసింది,” అన్నాడు తాతబ్బాయి. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అన్నాడు. అదే ఆవిణ్ని ఎక్కువ కోసింది.

ఇక ఈ బీరువా నా గడపలో ఉండడానికి వీల్లేదనుకుంది మంగతాయారు. విప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ కనకలింగేశ్వరరావు సంగతి తెలుసు కాబట్టి, విప్పితే ఏ కేసు పెడతాడోనని ముందు ఆయన దగ్గరికే వెళ్లింది.

“గొట్టాలు ఊడదీసేస్తానండి. ఏ కాగితం కావాలో మీరే చెప్పండి.”

“కూల్చివేత అనుమతి కావాలి,” అని ఆయన ఫారం తీశాడు. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయాడు. ముఖంలో రంగు మారింది. “అమ్మా, మీ గృహంలో నలభై నాలుగుమంది నివాసులున్నారు.”

“ఉన్నారండి.”

“కూల్చితే వారు గృహరహితులవుతారు.”

మంగతాయారు ఆయన మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఆయన చెప్పింది వినడమేగానీ ఆయన భయపడగా చూడటం ఇదే మొదలు. సోమవారం పైనుంచి తనిఖీ బృందం వస్తోందనీ, పట్టణంలో ఇల్లు లేనివాళ్లు సున్నా అని కమిషనరు గారు సంతకం పెట్టి పంపారనీ ఆవిడకి జాకెట్ల వాళ్లు ముందే చెప్పారు.

“అయితే ఏమవుద్దండి?” అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

“సున్నా అన్నచోట నలభై నాలుగు వస్తుంది.”

“అయ్యయ్యో. మరి ఇల్లుగల తాతబ్బాయిగారు మమ్మల్ని ఖాళీ చెయ్యమంటున్నారండి. శనివారంకల్లా ఊడదియ్యక తప్పదు. అయి ఎండలో పడితే సోమవారం దాకా కూడా ఉండవు. తనిఖీకొచ్చినోళ్లకి మీ రిజిస్టరులో నలభై నాలుగు శవాలు కనబడతాయి.”

కనకలింగేశ్వరరావు కలం కింద పెట్టేశాడు. నిబంధనల పుస్తకం ముందేసుకుని సాయంత్రం దాకా చదివాడు. నిర్వాసితులకి పునరావాసం కల్పించవలెనని ఉంది. పునరావాసానికి ఖాళీ ఇళ్లు కావాలి. ఖాళీ ఇళ్లు రేవు రోడ్డులో తొంభై ఆరు ఉన్నాయి. పట్టణంలో ఇల్లు లేనివాళ్లు ఎవరూ లేరు కాబట్టి, వాటికి అర్హులు కూడా ఎవరూ లేరు.

“ఒక ఇల్లు కేటాయించవచ్చు,” అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

మంగతాయారు రెండు చేతులూ జోడించింది.

“మీకు కాదమ్మా. మీరు ఆ గృహంలో ఎప్పుడైనా నివసించారా?”

“పట్టనని అప్పుడే చెప్పేను కదండి.”

“అందుచేత మీరు నిర్వాసితులు కారు. వారు మాత్రమే. కుటుంబ పెద్ద ఎవరు?”

ఆవిడ లేవబోయి మళ్లీ కూర్చుంది. అక్కడితో లేచి వచ్చేస్తే ఏమీ మిగలదని ఆవిడకి తెలుసు. “పై అరలో పొడుగాటి మిరప మొక్క ఉందండి. అదే ముందు మొలిచింది.”

“స్త్రీయా, పురుషుడా?”

“కాయలు కాసిందండి.”

“శ్రీమతి మిరప,” అని ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు. “ఆధారితులు, నలభై మూడు మొక్కలు.”

“వాటికి నీళ్లు ఎవరు పోస్తారండి? పోసేవాళ్లు అక్కడే ఉండాల కదా, రాత్రీ పగలూ.”

“పోషకులు అనే కాలమ్ ఇందులో లేదమ్మా. ఆధారితులు అనే కాలమ్ ఒక్కటే ఉంది.”

“అందులోనే రాయండి. నేనూ మా ఆయనా దానిమీదే ఆధారపడ్డామండి,” అంది మంగతాయారు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

శనివారం పొద్దున్నే సి బ్లాకులో రెండో అంతస్తు ఇంటి తాళం ఇచ్చారు. కేటాయింపు పత్రంలో లబ్ధిదారు శ్రీమతి మిరప, తండ్రి పేరు తెలియదు, ఆధారితులు నలభై మూడు మొక్కలు, ఇద్దరు మనుషులు అని ఉంది. సంగతి పొక్కింది. బీరువాలున్నవాళ్లంతా కూల్చివేత అనుమతికి వరస కట్టారు. ఆదివారం నాటికి గట్టువారిపేటలో ఏ నారూ ఎక్కడా దొరకలేదు. తనిఖీ బృందం వచ్చేనాటికి మిగతా తొంభై అయిదు ఇళ్లలోనూ తోటకూర, మెంతికూర, టమాటా కుటుంబాలు వాళ్ల ఆధారితులతో సహా దిగిపోయాయి. నారు దొరకడం ఒక పూట ఆలస్యమైన వాళ్లు బీరువాల పక్కనే మిగిలిపోయారు. వాళ్లకి ఎలాగూ సొంత గృహాలున్నాయి.

పత్రం కింద సన్నటి అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఏటా కార్తీకంలో లబ్ధిదారు జీవించి ఉన్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి, లేనిచో ఇల్లు రద్దగును. పల్లాలరావు అది చదివి, “మిరప మొక్క ఎన్నాళ్లు బతుకుద్దే?” అన్నాడు. మంగతాయారు హాల్లో ఎండ పడే కిటికీ చోటు మిరప కుండీకే ఇచ్చింది. మిషను చీకటి మూలకి జరుపుకుంది. అన్నంలోకి ఒక కాయ కోసుకోబోతే మొగుడి చేతి మీద ఒక్కటేసింది. అంతకు ముందు అయిదుగురు ఇంటివాళ్లూ నీళ్లు ఎక్కువ వాడుతున్నావని సణిగినవాళ్లే, ఈ ఇంటావిడ ఒక్కతే పోసినకొద్దీ కళకళలాడుతుంది. అయినా కార్తీకం దగ్గరపడే కొద్దీ కింది ఆకులు పసుపెక్కాయి. రోజుకొకటి రాలుతుంటే మంగతాయారు ఏరి, పల్లాలరావుకి కనబడకుండా కొంగులో దాచేసేది.

ధ్రువీకరణకి హేమసుందరి వచ్చింది. ట్యాబుని మిరప మొక్కకి ఎదురుగా పట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పట్టుకుంది.

“ఏమంటందండి?” అంది మంగతాయారు.

“కళ్లార్పమంటందండి. ఆర్పితేనే బతికున్నట్టు లెక్క. ఇంకొక్కసారి చూసి రద్దు చేసేస్తది.”

ఇద్దరూ మొక్క వైపు చూశారు. గాలి లేదు, ఒక్క ఆకు కూడా కదల్లేదు. మంగతాయారు ఇంకేమీ ఆలోచించలేదు. కుండీ వెనక మోకాళ్ల మీద కూర్చుని, కొమ్మలు రెండు చేతులా పక్కకి తీసి, ఆకుల మధ్య తన మొహం పెట్టింది. ట్యాబు వైపు సూటిగా చూస్తూ కళ్లార్పింది.

ట్యాబు పచ్చగా వెలిగింది. శ్రీమతి మిరప జీవించి ఉన్నారు, అని చదివింది హేమసుందరి. ట్యాబు దించి మెల్లగా అంది: “ఇక ఏటా ఈ మొహమే అడుగుతదండి. మొక్క ఉన్నా లేకపోయినా మీరే రావాల.”

మంగతాయారుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పొంగుకొచ్చిన సంతోషానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కళ్లు తుడుచుకుంటూ, “మరి నా పేరు ఎక్కడుందండి అందులో?” అని అడిగింది.

హేమసుందరి ట్యాబుని కిందకీ పైకీ జరిపి చూసింది. “మీ పేరు ఎక్కడా లేదండి.”

“పోన్లెండి,” అంది మంగతాయారు. లేచి, మొక్క నుంచి రెండు పచ్చి మిరపకాయలు తుంపుకుని, పల్లాలరావుకి అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.